అరికాలి మీద వేలు

నెలలు నిండకుండా పుట్టిన మా పాపను నర్సు నా ఛాతీ మీద పడుకోబెట్టినప్పుడు నాకు ఒళ్లంతా చెమట పట్టింది. మార్కాపురంలో ప్రసూతి వార్డు అది. అందరూ ఆడవాళ్లే. వాళ్ల మధ్య చొక్కా విప్పుకుని కూర్చున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే. సిగ్గుపడటానికి కూడా తీరిక లేనంత భయం.

నా భార్యకు బీపీ పెరిగి, కాన్పు కాగానే ఫిట్స్ వచ్చాయి. పక్క మంచం మీద మందుల మత్తులో ఉంది. మా అత్త ఆమె చెయ్యి వదలడం లేదు. బిడ్డకేమో మనిషి ఒంటి వేడి తగలాలి. ఇక దిక్కు నేనే. మా అమ్మ కొమరోలు నుంచి ఫోన్లో ఒకటే పోరు. "పురుడు గడవకముందే తాకొద్దు రా, మైల" అని. మైల సంగతి తర్వాత, ముందు ప్రాణం కదా!

"నెలతక్కువ పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీయడం మర్చిపోతారన్నా" అంది నర్సు. "కడుపు కదలకపోతే అరికాలి మీద వేలితో మీటు. ఏడిస్తే ఊపిరి వచ్చినట్లే."

ఆ మాట చెప్పకపోయినా బాగుండేది. దుకాణంలో బెల్లం దిమ్మెలు ఎత్తే చేతులు నావి. వాటిలో పాప గుప్పెడు కూడా లేదు. కడుపు కదిలిందా? కదల్లేదేమో! మీటాను. కెవ్వుమంది. హమ్మయ్య అనుకునేలోపే నిద్రపోయింది. మళ్లీ అనుమానం, మళ్లీ మీటాను. ఎదురు మంచం దగ్గరున్న అవ్వ నవ్వింది. "ఏంది నాయనా, సైకిల్ బెల్లు కొట్టినట్ల కొడతావుండావు!"

నర్సు మాత్రం నవ్వలేదు. "ఏందన్నా ఇది? ఇట్ల నిద్ర చెడగొడితే ఏడ్చి ఏడ్చి నీరసపడతాది. నీ భయం బిడ్డకెందుకు? ఊరికే మీటొద్దు" అని తిట్టి పోయింది.

వేలు మడుచుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండకు వార్డంతా మగతగా ఉంది. పాప కడుపు కదలడం ఆగింది. నా భయమేనేమో అనుకున్నాను. మళ్లీ తిడుతుందేమో అని కూడా అనుకున్నాను. ప్రాణం పోతుంటే తిట్లకు జంకేవాణ్ణి ఏమనాలి? చూస్తుండగానే పెదవులు నీలంగా మారాయి.

మీటాను. ఉలుకు లేదు. "సిస్టర్" అని కేకేశాను. పాప చెయ్యి తోటకూర కాడలా వాలిపోయింది. గట్టిగా మీటాను. మళ్లీ మీటాను. దేవుడా, తీసుకుపోవద్దు, నీకు దండం పెడతాను అని పైకే అన్నాను. ఇంకోసారి.

కెవ్వుమంది.

నర్సు పరుగెత్తుకొచ్చి పాప వీపు రుద్దింది. పెదవులు మెల్లగా ఎర్రబడ్డాయి. "మంచి పని చేసినావన్నా" అంది. నేను ఏడుస్తున్నాను. పాప నాకంటే గట్టిగా ఏడుస్తోంది.

అప్పుడు పక్క మంచం మీద నా భార్య కదిలింది. కాన్పయ్యాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే. కళ్లు తెరవకుండానే అంది.

"ఎవరి బిడ్డో పాపం, అంతగా ఏడుస్తాంది. వాళ్లమ్మ ఏడికి పోయిందో?"