అడుగుకి దించిన పీత

మా మావయ్య పోయి పదిహేను రోజులైంది. రాంబిల్లి తీరాన యాభై ఏళ్లు వేటాడినవాడు, మంచం మీద నిద్రలోనే వెళ్లిపోయాడు. తమ్ముడు ఫోన్లో ఆ మాట చెప్పగానే ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. మావయ్య పడవ ఇప్పుడు నడిపేది తమ్ముడే. వాడికి అడుగునీటి సంగతి ఇక ఎవరు చెబుతారు?

వల వేసే ముందు మావయ్య బతికున్న పీతను చిన్న వలసంచిలో పెట్టి, రాయి కట్టి, సముద్రం అడుగుకి దించేవాడు. ఒక చుట్ట కాలేదాకా ఆగి పైకి లాగేవాడు. పీత కాళ్లు ఆడిస్తే వల దిగేది. మెత్తబడి ఉంటే పడవ వెనక్కి తిరిగేది. ఆ పీతను ఒడ్డు దగ్గర వదిలేసేవాడే గాని, అత్త ఎంత సణిగినా కూరకి ఇవ్వలేదు.

ఓ ఏడు శారదా నది వరద తీసిన వారానికి చేపలు తోసుకుంటూ ఒడ్డుకొచ్చాయి. పీతలు ఇసుక మీదికి ఎక్కేశాయి. గంగమ్మ తల్లి దయేనంటూ ఊరంతా తట్టలు పట్టుకుని పరిగెత్తింది. నేనూ లుంగీ ఎగ్గట్టాను. మావయ్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. 

"అవి మన కోసం రాలేదు అల్లుడూ. ఊపిరాడక పారిపోయొత్తన్నాయి."

ఆ తర్వాత చాలా రోజులు వలలు ఖాళీగానే వచ్చాయి.

సైన్సు మాస్టారినయ్యాక నేను ఆయనకే పాఠం చెప్పబోయాను. తేలికైన వరదనీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుందనీ, గాలి కిందికి దిగదనీ, పొలాల ఎరువు తిని పెరిగిన నాచు చచ్చి కుళ్లుతూ అడుగునున్న కాస్త ఆక్సిజన్నీ మింగేస్తుందనీ చెప్పాను. వేసవిలో గాలి ఒడ్డు దగ్గరి పైనీటిని నడిసముద్రం వైపు నెట్టేస్తే, లోతులోంచి ఊపిరిలేని చల్లనీరు ఎక్కివస్తుందనీ చెప్పాను. పేర్లు నువ్వు పెట్టుకో, నీళ్లలో దిగితే నా కాళ్లకే తెలుస్తుందని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపేశాడు.

"గాలి తిరిగితే ఈ నీరు ఎల్లిపోద్ది, సరే. ఓ ఏడు ఎల్లకపోతే ఏటి సేత్తాం?"

 

పెద్దకర్మ మర్నాడు తమ్ముడితో పడవెక్కాను. వరద తీసి అప్పటికి వారమైంది. రాయి కట్టి పీతను అడుగుకి దించాం. తమ్ముడు చుట్ట తాగడు. మావయ్య డబ్బాలోంచి ఒకటి తీసి, వెలిగించి, పడవ అంచున పెట్టాడు. అది బూడిదయ్యేదాకా ఆగాం. తాడు నేనే లాగాను.

పీత చల్లగా, మెత్తగా ఉంది. తమ్ముడు నా మొహం చూసి పడవ తిప్పేశాడు. ఒక్క కాలైనా ఆడిస్తుందేమోనని, ఒడ్డు చేరేదాకా దాన్ని అరచేతిలో పట్టుకునే కూర్చున్నాను.