గురువారం పదకొండు గంటల ఫోను

లెక్కల పిచ్చి వల్ల అందరూ లెక్కలమ్మ అని పిలిచే ఆ పిల్ల చదివిన కాలేజీ టైర్ల దుకాణం పైన రెండు అంతస్తుల్లో ఉండేది. పాఠం మధ్యలో కింద టైరులోంచి గాలి బుస్సుమంటే లెక్చరర్ ఆగి, అది అయ్యాక మళ్ళీ అందుకునేవాడు. అలాంటి చోట డిగ్రీ పుచ్చుకుని ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరతానంటే నవ్వని వాడు లేడు. ఇంట్లోవాళ్ళకి అసలు అదేమిటో తెలియదు. ఒక పెద్ద కంపెనీ ఇంకో కంపెనీని కొనాలంటే ధర తేల్చి బేరం కుదిర్చే పని అని విడమరిచి చెప్పింది. కళ్ళజోళ్ళు బాగుచేసే తండ్రి అంతా విని, "అంటే పెళ్ళిళ్ళ పేరయ్య పనన్నమాట" అన్నాడు. అక్కడైనా తన పాస్‌బుక్కు త్వరగా ప్రింటు వేయించి పెట్టమంది పిన్ని.

ఆ బ్యాంకులు ఏటా నాలుగు పేరున్న కాలేజీలకే వెళ్ళి పిల్లల్ని ఏరుకుంటాయి. మిగతావాళ్ళ దరఖాస్తులు తెరిచి చూసే ఓపిక ఎవరికీ లేదు. లోపలున్న మన కాలేజీ మనిషి ఎవరైనా చెయ్యందిస్తేనే దారి. పాత విద్యార్థుల పట్టికంతా గాలిస్తే ఒక్కడంటే ఒక్కడు తేలాడు. లెక్కలమ్మ దరఖాస్తు జతచేసి నాలుగు ముక్కలు రాసింది. గంట తిరక్కుండా జవాబొచ్చింది. మన కాలేజీ నుంచి ఇక్కడున్నది నేనొక్కడినే, గురువారం పదకొండింటికి ఫోన్ చేస్తాను అని.

చేశాడు. ఆ తర్వాత ప్రతి గురువారం, గడియారం ముల్లు పదకొండు మీదికి రాగానే చేశాడు. ఆమె తండ్రి దుకాణం వెనక, ఖాళీ ఫ్రేముల పెట్టెల మధ్య కూర్చుని వినేది. కంపెనీకి ధర కట్టడం, ఎదుటివాడు తప్పు పడితే తడబడకుండా ఒప్పుకోవడం, ఎవరికి ఏ మాటల్లో ఉత్తరం రాయాలో, అన్నీ ఓర్పుగా నేర్పాడు. ఆయన చెప్పిన మనిషికి, ఆయన చెప్పిన మాటల్లోనే రాస్తే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కన్నతండ్రి కూడా ఆమె కోసం అన్ని గంటలు కూర్చోలేదు.

ఆయన గొంతు వెనక ఆఫీసు చప్పుడు వినబడేది. ఒక ఫోను మూడుసార్లు మోగేది. ఒకావిడ నవ్వేది. ఎవరో తలుపు ధడాలున వేసేవారు. అయిదో వారం లెక్కలమ్మకి అనుమానం వచ్చింది. ఆరో వారం గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదో నిమిషాన ఆవిడ నవ్వింది. పన్నెండో నిమిషాన తలుపు పడింది. ఏడో వారమూ తొమ్మిదో నిమిషాన నవ్వింది, పన్నెండో నిమిషాన తలుపు పడింది. లెక్కలమ్మ గడియారాన్ని బోర్లా తిప్పేసింది.

"ఇక్కడ గొడవగా ఉందమ్మా. నీకు వినబడుతోందా?" అన్నాడాయన.

"బాగా వినబడుతోంది సార్" అంది.

అంతకుమించి అడగలేదు. ఇంటర్వ్యూకి ఇంకా పది రోజులుంది. మునిగిపోయేవాడు చేతికి దొరికిన దుంగ ఎక్కడిదని ఆరా తియ్యడు కదా.

తొమ్మిదో అంతస్తులో, కిటికీ పక్క స్తంభం దగ్గర తన సీటని ఆయన చెప్పి ఉన్నాడు. ఇంటర్వ్యూ గది అద్దంలోంచి ఆ స్తంభం కనబడింది. దాని పక్కన ప్రింటరు ఉంది. ప్రింటరు మీద దుమ్ము కూడా ఉంది. లెక్కలమ్మ చూపు మరల్చుకుంది. ఆయన వేసిన ప్రశ్నలే, ఆయన వేసిన వరసలోనే వచ్చాయి. నోరు దానంతటదే జవాబులు చెప్పుకుపోయింది. ఇంటర్వ్యూ చేస్తున్న పెద్ద మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"ఇలా లెక్కకట్టే మనిషి ఇక్కడ ఒకాయన ఉండేవాడు. ఎనిమిదేళ్ళ కింద మనుషుల్ని తగ్గించినప్పుడు ఆయన్నీ తీసేశాం. ఇప్పటికీ రోజూ కింద గేటు దాకా వస్తాడు. నీకు నేర్పింది ఎవరు?"

ఆయన పేరు చెబితే ఏమవుతుందో ఆ ముఖంలో రాసి ఉంది. మళ్ళీ టైర్ల వాసన, మళ్ళీ ఆ ఫ్రేముల పెట్టెలు.

"ఎవరూ లేరు మేడమ్. నేనే నేర్చుకున్నాను."

ఉద్యోగం వచ్చింది. తండ్రి ఆ ఉత్తరాన్ని కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా చదివించాడు. గురువారం పదకొండింటికి ఫోను మోగింది.

"నా పేరు చెప్పావా అమ్మా?"

"చెప్పాను సార్."

"ఏమన్నారు?"

ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అంటారు. ఆ పిల్ల అంత కఠినురాలు కాదు. ఆయన్ని నొప్పించలేక ఇంకో అబద్ధం ఆడింది, అదే కొంప ముంచింది. "మిమ్మల్ని ఒకసారి చూడాలని ఉందన్నారు" అంది.

అవతల టక్కుమని ఏదో నొక్కిన శబ్దం. వెనక మోగుతున్న ఆఫీసు ఫోను, టేపు ఆపేసినట్టు, సగంలో ఆగింది. ఆ తర్వాత ఎక్కడో కొళాయి నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడటం ఒక్కటే వినబడింది.

"సోమవారం వస్తానమ్మా" అన్నాడు చివరికి.

సోమవారం ఉదయం, ఆమె కొత్త ఉద్యోగానికి వచ్చేసరికి, గేటు దగ్గర వరసలో ఆయన ఆమెకి ముందు ఇద్దరి అవతల ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. మెడలో కార్డు మీద ఫొటో అరిగిపోయి తెల్లటి మచ్చ మిగిలింది. కార్డు యంత్రానికి ఆనించాడు. అది కీచుమంది. ఎర్ర దీపం. తుడిచి మళ్ళీ ఆనించాడు. ఎర్ర దీపం.

"మెషిన్ పాడైంది సార్. రేపు రండి" అన్నాడు గేటు మనిషి. ఎన్ని వందల సార్లు అన్నాడో, అందులో విసుగు లేదు.

"రేపు కాదు, ఈరోజు నన్ను పిలిచారు" అంటూ ఆయన వెనక్కి తిరిగాడు. దరఖాస్తు మీది ఫొటో గుర్తుంది కాబోలు, చూపు సూటిగా వచ్చి లెక్కలమ్మ మీద ఆగింది. ఆ ముఖంలో అంత సంతోషం చూసి ఆమె తన కార్డును గుప్పిట్లో దాచుకుంది. "అదుగో, ఆ అమ్మాయి చెబుతుంది."

వరసంతా ఆమెను చూసింది. వెనక నుంచి పెద్ద మేడమ్ గొంతు వినబడింది. "నీకు ఈయన తెలుసా?"

లెక్కలమ్మ తల దించుకుని కార్డు తాడు సవరించుకుంది. ఆయన మేడమ్‌ని చూశాడు, మళ్ళీ పిల్లని చూశాడు. ముఖంలో సంతోషం మెల్లగా సర్దుకుంది.

"లేదు మేడమ్, నేనే పొరపాటు పడ్డాను. ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదు" అని పక్కకి జరిగి దారిచ్చాడు.

ఆమె తన కొత్త కార్డు ఆనించింది. పచ్చ దీపం వెలిగింది. ముందుగా కలిగింది దుఃఖం కాదు, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యకే ఆమెకి భయం వేసింది, తొమ్మిదో నిమిషం నవ్వుకి కూడా అంత భయపడలేదు. వెనక ఆయన కార్డుకి యంత్రం మళ్ళీ ఒకసారి కీచుమంది.

లిఫ్టులో మేడమ్ అంది, "పాపం, ఆయనదీ మీ కాలేజీయే."

"అలాగా అండీ" అంది లెక్కలమ్మ.