ఆమెన్ అనేదాకా

పర్చూరు దగ్గరి ఆ ఊళ్లో వార్డు మెంబరు సువార్తమ్మ పొద్దున్నే మిరపకోతలకు ఆటో ఎక్కుతూ పంచాయతీ కార్యదర్శి రాజేశ్వరికి ఎదురుపడుతుంది. చీర మీద మొగుడి చొక్కా, తలకు తువ్వాలు, కారానికి ఎర్రబారిన వేళ్లు. మంచీ చెడ్డా అడగదు. "నర్సమ్మ ఎప్పుడొచ్చిద్ది మేడం?" అంటుంది. ఊళ్లో కొత్త ఆస్పత్రికి రంగులేసి ఏడాది దాటినా తాళం తీసినవాళ్లు లేరు. రాజేశ్వరి ఏదో నవ్వి తప్పుకుంటుంది.

ఆరోగ్యమంత్రి వచ్చిన రోజు సభ పందిట్లో సువార్తమ్మను కావాలనే చివరి వరసలో కూర్చోబెట్టింది. "సమస్యలుంటే చెప్పండమ్మా" అని ఆయన అన్నారో లేదో, సువార్తమ్మ లేచి కొంగు తలమీదికి లాక్కుంది, చర్చిలో ప్రార్థన చేయించే ముందు లాక్కున్నట్టే. అలవాటు కొద్దీ ఆ చర్చికొచ్చే పేట ఆడవాళ్లంతా లేచి, కొంగులు కప్పుకుని తలలు వంచి కళ్లు మూసుకున్నారు. వాళ్లను చూసి పందిరంతా లేచింది. మంత్రిగారూ లేచి చేతులు జోడించారు.

"ఆస్పత్రి కట్టించారు, వందనాలయ్యా. మరి నర్సమ్మనెప్పుడు పంపుతారు?"

"త్వరలోనే చూద్దామమ్మా" అంటూ ఆయన కూర్చోబోయారు. ఒక్కరూ కూర్చోలేదు, ఒక్క తలా లేవలేదు. ప్రార్థన అయిపోయిందని సువార్తమ్మ ఇంకా అనలేదు మరి. ఆయన మళ్లీ నిలబడి, పక్కనున్న అధికారితో ఏదో గొణిగి, "సోమవారం పంపిస్తానమ్మా, నాదీ పూచీ" అన్నారు.

"ఆమెన్" అంది సువార్తమ్మ.

"ఆమెన్!" అని పందిరంతా మారుమోగింది. అందులో తన గొంతూ ఉందని, శనివారాలు వెంకన్నకు ఉపవాసముండే రాజేశ్వరికి ఆ మోత ఆగాక గానీ తెలియలేదు.