లోపలినుంచి తుడిచిన అద్దం

బెంగళూరులో మూడేళ్ల డ్యూటీలో పోయినవి ఇవి: నా కుడిచెవి వినికిడిలో సగం, తరువాత తాళం పడిన ఒక ఉక్కు గది, ఒక మనిషి.

తొంభైల చివర్లో, జులై తుంపరలో దిగాను. ఆ ఊళ్లో సముద్రం లేదు. అయినా మా సైనిక డైవర్లకు లోతు అలవాటు చేసింది అక్కడే. ఒక్కడు పట్టే గది. ఒకటే తలుపు, అరచేతంత అద్దం. లోపలికి గాలి ఎక్కించి, యాభై మీటర్ల లోతు నీటిలో ఉండే ఒత్తిడి తెచ్చేవాళ్లం. ఆ ఒత్తిడిలో గుండె ఎలా కొట్టుకుంటుందో తీగలు అంటించి చూడటం నా పని. బయట నిమిషానికి డెబ్బై రెండు ఉన్నది లోపల అరవైకి దిగేది. అది మామూలే.

ఊరి చివరి కాడుగోడిలో కాపురమున్న నాయక్ మా పాత డైవర్. ఒత్తిడి తగ్గించేటప్పుడు గాలి చల్లబడి లోపల పొగమంచు కమ్మేది. ఆయన ప్రతిసారీ అరచేత్తో అద్దం తుడిచి, మైకులో అడిగేవాడు.

“ఏమప్పా లెక్కలాయనా, నా గుండె ఉండాదా, ఊరికి పోయిందా?”

“ఉండాది. మీ ఇంటామె దగ్గర కుదువ పెట్టినావంట గదా!”

ఆ రోజు లోపల నాయకే. పగలు పదకొండుకు ఒత్తిడిని తొమ్మిది మీటర్ల లోతుకు దించి ఆపాము. మిగతా ఒత్తిడి విడతలుగా తగ్గించాలి. ఇంకా డెబ్బై ఒక్క నిమిషాలు.

“రొమ్ములో పట్టేసినట్టుండాదప్పా.”

గుండె నలభై నాలుగుకు దిగింది. ఆపైన లయ తప్పింది.

డాక్టర్ మేజర్ అద్దానికి ముఖం ఆనించాడు. ఒక్కసారిగా తెరిస్తే రక్తంలో కరిగిన గాలి బుడగలై గుండెకే అడ్డుపడుతుంది. తెరవకపోతే సూది మందు కూడా అందదు. ఆక్సిజన్ ముసుగు తగిలించుకోమన్నాడు. నాయక్ తగిలించుకున్నాడు.

“ఇంకా ఎంతసేపప్పా?”

“అరవై ఆరు.”

“అంత నాతో కాదప్పా. తలుపు తియ్.”

గాలి వదిలే వాల్వు దగ్గరి హవల్దార్ నా వైపు చూశాడు. నేను మేజర్ వైపు చూశాను. మేజర్ గడియారం వైపు చూశాడు.

ఇంకా అరవై మూడు నిమిషాలు ఉండగా గుండె గీత చదునైంది. “తెరవండి,” అన్నాడు మేజర్. హవల్దార్ వాల్వు పూర్తిగా తిప్పాడు. గాలి నా చెవి పక్కనే అరుస్తూ బయటికొచ్చింది.

“తలుపు పక్కనే ఉంటిరి గదన్నా?” కాడుగోడిలో ఆయన భార్య అడిగింది.

“ఉంటిమమ్మా.”

మరుసటేడు కడపకు తిరిగొచ్చాను. వానలో బస్సు కిటికీలకు ఆవిరి పడితే కళ్లు మూసుకుంటాను. ఆ రోజు గది అద్దం తెల్లబడిపోయింది. లోపలినుంచి ఎవరూ తుడవలేదు.

ఆయనకు మేము ఇంకా అరవై మూడు నిమిషాలు బాకీ.