సగం ఇన్‌స్పెక్షన్ ఒప్పుకోని మా సుశీల డాక్టరమ్మ

నిన్న సాయంత్రం దీపం పెడుతుంటే ఫోన్ మోగింది. పక్క వీధి పార్వతి వదిన.

"వదినా, సుశీల డాక్టరమ్మ పోయేరట. మధ్యాహ్నం పడుకుని మరి లేవలేదంట."

చేతిలో అగ్గిపుల్ల అలాగే ఆరిపోయింది.

మొన్న మొన్ననే కదా కలిశాం!

ఈ హిందీ ఊళ్ళో, స్టీల్ ప్లాంట్ క్వార్టర్లున్న మా సెక్టర్ 6 ఆడవాళ్ళలో ఆవిడ దగ్గరకు వెళ్ళనివాళ్ళు తక్కువ. పక్కనే సుపేలా బజారులో చిన్న క్లినిక్. విజయనగరం నుంచి వచ్చిన ప్లాంట్ ఉద్యోగి కూతురు. హిందీవాళ్ళతో హిందీ, మనతో మన మాట.

ఇలాంటి ఆడవాళ్ళ విషయాలు ఇలా అందరూ చదివేలా రాస్తారా అని కొందరు అనుకోవచ్చు. "నోరు విప్పి చెప్పుకోండే" అని ఆవిడే అనేవారు. అందుకే రాస్తున్నాను.

మా పాప స్కూల్‌కి వెళ్ళే రోజులు. నెలసరి వస్తోందంటే నాకు వణుకు. నడుము, పొత్తికడుపు మెలిపెట్టే నొప్పి. మధ్యమధ్యలో బ్లీడింగ్ కూడా. పూజగదిలో అడుగుపెట్టలేని రోజులే ఎక్కువ. నొప్పి కన్నా నాకు అదే పెద్ద బాధ.

ఆవిడ అన్నీ ఓపిగ్గా అడిగారు. నేను చెప్పాను: "శ్రావణంలో మాత్రం అమ్మవారి దయ మేడం. నొప్పి ఉండదు."

ఆవిడ నవ్వలేదు.

"శ్రావణంలో ఏటి మాత్రలేసుకుంటావమ్మా?"

"వ్రతం ఉంటాది కదా మేడం... డేట్ వెనక్కి జరగడానికి."

"అదీ సంగతి! అమ్మవారు దారి చూపించింది. ఇంక నా పని."

ముందు హిస్టెరోస్కోపీ చేశారు. సన్నని కెమెరాని కింది నుంచి గర్భసంచి లోపలికి పంపి చూస్తారు. కోత ఉండదు. లోపల చిన్న పాలిప్ కనబడితే అప్పుడే తీసేశారు. మధ్యలో వచ్చే బ్లీడింగ్ ఆగిపోయింది.

నొప్పి మాత్రం ఆగలేదు.

మా ఆయన ప్లాంట్‌లో మెయింటెనెన్స్. మంచి మనిషే. కానీ మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు విసుగ్గా అన్నారు: "కెమెరా పెట్టి చూసీసేరు కదా మేడం. లోపలంతా సాఫ్ అన్నారు. ఇంకా నొప్పంటాది. మనసులోదేమో?"

నేను తల వంచుకున్నాను. ఆవిడ కూడా ఔనంటే, ఇక ఆ నొప్పి గురించి జన్మలో ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఆవిడ కళ్ళజోడు తీసి ఆయన వైపు చూశారు.

"ఏటి బాబూ, ప్లాంట్‌లో పైపు లోపల చూసి, బయట చూడకుండానే ఓకే అని చెప్పెస్తావేటి?"

"అలాగెలా మేడం? బయట కూడా చూడాలి."

"మరి నా పేషంట్‌కి సగం ఇన్‌స్పెక్షన్ చాలేటి?"

ఆయన తల గోక్కున్నారు.

అప్పుడు చెప్పారావిడ. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే బయట కూడా పెరిగే జబ్బు ఒకటుందట. ఎండోమెట్రియోసిస్. శ్రావణం మాత్రలకి నొప్పి తగ్గడంతో ఆవిడకి అనుమానం వచ్చిందట. హిస్టెరోస్కోపీలో లోపలిదే కనిపిస్తుంది. బయటిది స్కాన్‌లో కూడా ఒక్కోసారి దొరకదు. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి లాపరోస్కోపీ చేసి చూడాలి.

చేశారు. దొరికింది. అండాశయం దగ్గర, పేగుకి అంటుకుని.

తీసేసి బయటకొచ్చి మా ఆయనకి ఫోటో చూపించారట. "మనసులో కాదు బాబూ, ఇదిగో, ఇక్కడ."

నాకు మెలకువ వచ్చేసరికి మా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి సర్దుతున్నారు. అది చాలు నాకు.

నొప్పి మొత్తం మాయమైందని చెప్పను. మందులు వాడాను, మధ్యలో ఇబ్బందులూ పడ్డాను. కానీ ఆ ఏడాది శ్రావణంలో, వ్రతంలో కథ అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.

వాయనం తీసుకుని క్లినిక్‌కి వెళ్ళి, తోరం కట్టబోయాను.

"చేతికొద్దే, రోజూ గ్లౌజులేసుకోవాలి. స్టెత్‌కి కట్టీ!"

కట్టాను. చాలా రోజులు ఆ పసుపు దారం కట్టిన స్టెత్ మెడలో వేసుకునే పేషంట్లని చూశారు.

ఈ మధ్యే మా పాప, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, కడుపు పట్టుకుని ఇంటికొచ్చింది. నేను వేడినీళ్ళు పెట్టేలోపే మా ఆయన స్కూటర్ బయటకి తీశారు.

క్లినిక్‌లో కుర్చీలో కూర్చోకుండానే అన్నారు: "మేడం, ఫుల్ ఇన్‌స్పెక్షన్ చెయ్యండి. నొప్పంటోంది పిల్ల."

డాక్టరమ్మ ఎంత నవ్వారో! "నేర్చుకున్నావు బాబూ, నేర్చుకున్నావు!"

పాపని చూసి, ప్రస్తుతానికి మందులు చాలన్నారు.

ఆ నవ్వే నేను చూసిన ఆఖరి నవ్వు.

ఈ ఉదయం మీ పేరున దీపం పెట్టాను డాక్టరమ్మా. మా ఆయన కూడా వచ్చి పక్కన నిలబడ్డారు.

మా నొప్పిని నమ్మిన తల్లీ, అమ్మవారి ఒడిలో హాయిగా పడుకోండి.