లక్ష్మణరావు ఊదా పూలు

లక్ష్మణరావు అడిగితే ఒంటిమీది కోటు విప్పి ఇస్తాడు గానీ పువ్వు మాత్రం ఇవ్వడు.

బ్రెమెన్‌లో రైలు పట్టాల పక్కన అతను అద్దెకు తీసుకున్న చిన్న తోటలో, ఎండ తగిలే గోడవారన, చలికాలంలో పూసే ఐరిస్ మొక్కలున్నాయి. జనవరిలో ఊరంతా బూడిదరంగు పులుముకున్నప్పుడు గడ్డిలాంటి ఆకుల మధ్య ఊదా పూలు తలెత్తుతాయి. ఆ మొక్కలకు ఎరువు గిట్టదనీ, గులకరాళ్ల మట్టే ఇష్టమనీ అతను ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా కేక్ కోయకముందే చెప్పేస్తాడు. మొగ్గలు కొరికే నత్తలను చేత్తో ఏరి, పార్కుదాకా తీసుకెళ్లి మర్యాదగా దింపి వస్తాడు. తను జ్వరంతో పడుకున్నప్పుడు ఇందులో సగం మర్యాదైనా దక్కలేదని భార్య కౌసల్య బాధ.

ఊళ్లోని తెలుగు అసోసియేషన్‌లో పరిచయమైన నవ్యశ్రీ తన కొడుకు అక్షరాభ్యాసానికి ఒక్క పువ్వు అడిగింది.

"సరస్వతీదేవికి రంగు పట్టింపు ఉండదమ్మా. సూపర్‌మార్కెట్లో ట్యులిప్స్ వచ్చాయి, చూడు" అన్నాడు.

అయినా శనివారం శనివారం ఒక మొగ్గ మాయమయ్యేది. అతను నత్తలను తిట్టేవాడు. ఒక శనివారం ఫ్లాస్కులో టీ తీసుకెళ్లిన కౌసల్యకు, భర్తే ఒక మొగ్గను తుంచి, తడిగుడ్డలో చుట్టి కోటులో దాచుకోవడం కనిపించింది. ఎవరికోసమో తేల్చుకుందామని వెనకే ట్రామ్ ఎక్కింది.

అతను వెళ్లింది వృద్ధాశ్రమానికి. తెరిచిన తలుపులోంచి చూస్తే, చూపు లేని ఒక ముసలావిడ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెచ్చటి గదిలో మొగ్గ మెల్లగా విచ్చుకుంది. దాన్ని ఆవిడ ముక్కు దగ్గర పట్టి, వచ్చీరాని జర్మన్‌లో రంగు వర్ణించాడు. ఆవిడ వాసన చూస్తూనే అతని వ్యాకరణం దిద్దుతోంది.

భార్యను చూసి లక్ష్మణరావు తడబడ్డాడు.

"ఫ్రౌ హిన్‌రిక్స్. మనకంటే ముందు ఆ తోట ఈవిడదే, ఆ మొక్కలు నాటిందీ ఈవిడే. చెప్తే మన అసోసియేషన్ వాళ్లంతా బ్యానర్ పట్టుకుని ఫొటోలకి దిగిపోతారని చెప్పలేదు."

ఎవరొచ్చారని ఆవిడ అడిగింది. కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, పనిచేసే కౌసల్య తానెవరో చక్కటి జర్మన్‌లో చెప్పుకుంది.

"ఓహో, వారానికి ఒక్క పువ్వుకి మించి కోయనివ్వని భార్య మీరేనా?" అంది ఆవిడ.

కౌసల్య భర్తవైపు చూసింది. అతను హీటర్‌ను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"నేనేనండీ. ఇక నుంచి రెండు కోయనిస్తాను" అంది.

"ఇంకా మూడు మొగ్గలే ఉన్నాయే" అన్నాడు లక్ష్మణరావు, తెలుగులో.