పాచి మీద రంగు

గోడ ఆరిందో లేదో కామమ్మ చెంపతో చూస్తుంది. డెలానీపూర్ ప్రభుత్వ క్వార్టర్ల గోడలకు ముందు బ్లీచింగ్ నీళ్లు కొడుతుంది, పాచి పాలిపోయేదాకా ఆగుతుంది, పైనుంచి కిందికి బ్రష్షుతో రుద్ది రెండెండలు కాయనిస్తుంది. ఆ తర్వాతే చెంప ఆనిస్తుంది. చల్లగా తగిలిందా, రంగు డబ్బా మూత తీయనివ్వదు. ఏడాదిలో ఎనిమిది నెలలు వానలు పడే ఆ దీవి ఊళ్లో రెండెండలు దొరకడం కష్టమే. దొరికేదాకా మెట్ల మీద కూర్చుని, ఒరిసిపోయిన వేళ్ల సందుల్లో కొబ్బరినూనె రాసుకుంటూ మబ్బుల్ని తిడుతుంది.

ఆమధ్య ఒక గోడ పై సగం రుద్దేసరికి వాన పట్టుకుంది. కాంట్రాక్టరు సత్యారావు ఆగలేదు. "సోమవారం పెద్దసాబ్ తనిఖీకి వస్తున్నాడు దీదీ. కింద కూడా రంగేసేద్దాం, ఎవడు చూస్తాడు?"

"పాచి ఇంకా బతికే ఉంది బాబూ. దుప్పటి కప్పితే సచ్చిపోద్దేటి?" అంది కామమ్మ.

అతను నవ్వి, వేరేవాళ్లతో రంగు వేయించేశాడు. నెల తిరక్కుండానే గోడ కింది సగమంతా పొక్కులెక్కింది. క్వార్టర్ల వాళ్లందరి ముందూ సత్యారావు, "ఈ దీదీ సరిగ్గా రుద్దలేదు. ఇంక దీన్ని పన్లోకి పిలవను" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఆ గోడలు రుద్దిన కామమ్మకు ఒళ్లు మండిపోయింది. గోడ దగ్గరికెళ్లి ఒక పొక్కును గోటితో లాగింది. అరచేయంత పెచ్చు ఊడివచ్చింది. పైన తెలుపు, వెనక జిగటగా పచ్చటి పాచి. ఆ పచ్చవైపును సత్యారావు తెల్లచొక్కా మీద పెట్టి అరచేత్తో గట్టిగా అదిమింది.

"నాను రుద్దింది కాదిది. నువ్వు దాసింది. అట్టుకెళ్లు."